ఆఫీసు నెట్‌వర్క్‌లో పక్క సిస్టమ్ కనపడటం లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఐదారు సిస్టమ్‌లు, ఒక ప్రింటరు, ఒక రౌటరు. సర్వర్ అని విడిగా ఏమీ ఉండదు. అకౌంటెంట్ కూర్చునే సిస్టమే సర్వరు, టాలీ డేటా దాన్లోనే ఉంటుంది. ఆడిటర్ ఆఫీసులు, ఎరువుల దుకాణాలు, స్కాన్ సెంటర్లు, రైస్ మిల్లులు మన దగ్గర చాలావరకు ఇలాగే నడుస్తాయి. ఇలాంటి చోట్ల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువసార్లు వినిపించే మాట ఒకటే: "సార్, మెయిన్ సిస్టమ్ కనపడటం లేదు." ఆ ఫోన్లలో పదేపదే చెప్పే జవాబులే ఇక్కడ రాశాను. అన్నీ విండోస్ 10, 11 గురించే. ఒక చిన్న మాట: ఆదేశాలు, మెనూ పేర్లు తెలుగు లిపిలో రాశాను, కీబోర్డు మీద మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

మెయిన్ సిస్టమ్ నెట్‌వర్క్‌లో కనపడటం లేదు. మొట్టమొదట ఏం చూడాలి?

కనపడటం లేదా, అసలు అందడమే లేదా అన్నది ముందు తేల్చుకోండి. రెండూ వేరు వేరు జబ్బులు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ అని నొక్కితే వచ్చే జాబితాలో పేరు లేకపోయినా, ఆ సిస్టమ్‌లోని ఫోల్డర్ చక్కగా తెరుచుకోవచ్చు. పేరు కనిపిస్తూ కూడా, నొక్కితే తెరుచుకోకపోవచ్చు.

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి. వచ్చిన రన్ పెట్టెలో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి, పక్కనే మెయిన్ సిస్టమ్ ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో దాని అడ్రసు నంబరు, కొట్టండి. ఇలా: \\192.168.1.10

ఫోల్డర్లు తెరుచుకుంటే మీ దారి బాగానే ఉంది, జాబితాకే జబ్బు. దాన్ని తీరిగ్గా చూసుకోవచ్చు, పని ఆగదు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగితే దారి ఉంది, తలుపు దగ్గర ఆగారు. చాలాసేపు తిరిగి తిరిగి చివర 80070035 అంకెలున్న ఎర్రర్ వస్తే దారే లేదన్నమాట. ఏ ప్రశ్న చదవాలో ఈ మూడింటిలో ఏది వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. చాలామంది ఇది చూడకుండానే ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చేవాటిని ఆపే కాపలా) తీసేస్తారు, వర్క్‌గ్రూప్ (సిస్టమ్‌ల గుంపు) పేరు మారుస్తారు, విండోస్ మళ్లీ వేయిస్తారు.

ఐపీ ఎంతో ఎలా తెలుస్తుంది?

మెయిన్ సిస్టమ్ దగ్గర కూర్చుని కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరుస చూడండి. అలాగే మీ సిస్టమ్‌లోనూ చూసి, రెండూ ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. ఈ కాగితం చాలాసార్లు జవాబు తనే చెప్పేస్తుంది.

దాని కిందనే ఉండే సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 అయితే మొదటి మూడు అంకెల గుంపులూ రెండు సిస్టమ్‌లలో ఒకటే కావాలి. 192.168.1.10, 192.168.1.23 ఒకే వీధి. 192.168.1.10, 192.168.0.23 వేరే వీధులు. ఒకటి 169.254తో మొదలైతే దానికి రౌటర్ నుంచి అడ్రస్ రాలేదని అర్థం. ఎవరూ ఇవ్వక విండోస్ తనకు తానే పెట్టుకున్న అడ్రసు అది. అప్పుడు సెట్టింగ్‌ల జోలికి పోకండి, వైరు చూడండి.

వైరు బాగానే ఉంది కదా, పెట్టే ఉంది.

పెట్టి ఉండటం వేరు, పనిచేయడం వేరు. స్విచ్‌లో, అంటే వైర్లన్నీ వచ్చి కలిసే పెట్టెలో, ఆ పోర్టు దగ్గర దీపం వెలుగుతోందా? బల్ల కింద కుర్చీ చక్రం ఎక్కి నలిగిన వైర్లు, ఎలక కొరికినవి, క్లిప్పు విరిగి కాస్త కదిపితే ఊడే పిన్నులు నేను చూసినన్ని సాఫ్ట్‌వేర్ తప్పులు చూడలేదు. వైరు మార్చి చూడటానికి రెండు నిమిషాలు చాలు.

ఇంకో వింత ఉంది. స్విచ్‌లో దీపాలన్నీ ఒకేసారి పిచ్చి పట్టినట్టు మిణుకుమంటూ, ఆఫీసు మొత్తం ఆగిపోతే, ఒకే వైరు రెండు కొసలూ అదే స్విచ్‌లో పెట్టారేమో చూడండి. తుడిచేటప్పుడు వేలాడుతున్న కొస కనిపిస్తే ఎవరో పాపం మంచి మనసుతో ఖాళీ పోర్టులో పెట్టేస్తారు. మామూలు స్విచ్‌లకు ఆ సుడిగుండాన్ని ఆపే తెలివి ఉండదు.

అన్ని సిస్టమ్‌లలో నెట్ వస్తోంది. అయినా ఒకదానికొకటి ఎందుకు కనపడవు?

నెట్ రావడానికి, పక్క సిస్టమ్ అందడానికి సంబంధం తక్కువ. ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు ఫ్లాట్‌ల నుంచీ రోడ్డు మీదికి వెళ్లొచ్చు. అంతమాత్రాన ఒక ఫ్లాట్ వంటింట్లోంచి ఇంకో ఫ్లాట్ వంటింట్లోకి దారి ఉండదు.

ఒక ఆడిటర్ గారి ఆఫీసు. జీఎస్టీఆర్-3బీ (జీఎస్టీ రిటర్ను) ఆఖరి రోజు, 20వ తేదీ. ఉదయం నుంచి ఇద్దరు అసిస్టెంట్ల లాప్‌టాప్‌లలో టాలీ డేటా రావడం లేదు. ముందు రోజు సాయంత్రం ఫైబర్ కనెక్షన్ కొత్తగా వేశారు. కనెక్షన్ వాళ్లు తెచ్చిన తెల్ల పెట్టెలోనే వైఫై ఉంది. ఆఫీసులో అప్పటికే ఉన్న పాత రౌటర్‌ను తీసేయకుండా, తెల్ల పెట్టె నుంచి ఒక వైరు లాగి పాత రౌటర్ వ్యాన్ పోర్టులో (బయటి నెట్ వైరు పెట్టే చోట) పెట్టి వెళ్లిపోయారు. డెస్క్‌టాప్‌లు పాత రౌటర్ కింద 192.168.0 వీధిలో ఉండిపోయాయి. కొత్త వైఫై స్పీడుగా ఉందని లాప్‌టాప్‌ల వాళ్లు దానికి మారారు, 192.168.1 వీధికి వెళ్లిపోయారు. నెట్ ఇద్దరికీ బ్రహ్మాండం. డేటా మాత్రం లాప్‌టాప్‌ల వాళ్లకు లేదు.

ఈ కేసులో తికమక పెట్టే సంగతి ఒకటుంది. లోపలి రౌటర్ కింద ఉన్న డెస్క్‌టాప్ నుంచి బయటి వీధిలోని లాప్‌టాప్‌ను ఐపీ కొట్టి తెరవొచ్చు. లాప్‌టాప్ నుంచి డెస్క్‌టాప్‌కు మాత్రం రాలేం. లోపలి రౌటర్ తన వెనక ఉన్నవాళ్లను బయటి వాళ్లకు దాచేస్తుంది, అది దాని ఉద్యోగం. "ఇటు నుంచి పడుతోంది, అటు నుంచి పడటం లేదు" అని ఎవరైనా అంటే నేను ముందు లెక్కపెట్టేది రౌటర్లనే.

మందు తేలికే. రౌటర్లు రెండున్నా అడ్రసులు పంచే పెద్దమనిషి ఒక్కడే ఉండాలి. పాత రౌటర్ సెట్టింగ్‌లలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది పెట్టండి. లేకపోతే దాని సొంత ఐపీని బయటి వీధిలో ఎవరూ వాడని నంబరుకు, ఉదాహరణకు 192.168.1.2కు, మార్చి, డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపేసి, వైరును వ్యాన్ పోర్టులోంచి తీసి మామూలు లాన్ పోర్టులో పెట్టండి. ఆ రోజు మేం చేసింది ఈ రెండోదే. సిస్టమ్‌లన్నీ ఒకసారి రీస్టార్ట్ చేశాక అందరూ ఒకే వీధికి వచ్చారు. రిటర్నులు సాయంత్రానికి వెళ్లాయి, టీ మాత్రం మూడుసార్లు తాగాం.

ఒకే రౌటర్, ఐపీలూ ఒకే వరుస. అయినా వైఫై లాప్‌టాప్‌కు మాత్రం ఏదీ అందదు.

గెస్ట్ వైఫైకి కలిపి ఉంటారు. బయటివాళ్లకు నెట్ మాత్రం ఇచ్చి లోపలి సిస్టమ్‌లను దాచడానికే అది ఉన్నది. గెస్ట్ కాకపోతే రౌటర్‌లో ఏపీ ఐసొలేషన్ లేదా క్లయింట్ ఐసొలేషన్ అనే గడి టిక్ అయి ఉందేమో చూడండి. అది ఉంటే వైఫై మీద ఉన్నవాళ్లు ఒకరినొకరు చూడలేరు, కొన్ని రౌటర్లలో వైరు మీద ఉన్నవాళ్లనూ చూడలేరు. లాప్‌టాప్‌ను కాసేపు వైరుతో కలిపి చూస్తే అనుమానం తీరిపోతుంది.

లాప్‌టాప్‌లో వీపీఎన్ (వేరే నెట్‌వర్క్‌కు రహస్య దారి వేసే ప్రోగ్రాము) నడుస్తుంటే దాన్ని కూడా ఒకసారి ఆపి చూడండి. కొన్ని వీపీఎన్‌లు ఆన్‌లో ఉన్నంతసేపూ పక్క బల్ల మీది సిస్టమ్‌ను కూడా పరాయిదాన్ని చేసేస్తాయి.

రౌటర్ మార్చిన మర్నాటి నుంచి అందరూ మాయమయ్యారు. సెట్టింగ్‌లు ఎవరూ ముట్టుకోలేదు.

ముట్టుకోకపోయినా మారాయి. విండోస్ ఏ నెట్‌వర్క్‌లో ఉన్నదీ రౌటర్‌ను చూసి గుర్తుపడుతుంది. రౌటర్ కొత్తదైతే, వైఫై పేరూ పాస్‌వర్డూ పాతవే పెట్టినా, విండోస్ లెక్కలో అది కొత్త ఊరు. కొత్త ఊళ్లో దాని మొదటి అలవాటు పబ్లిక్ అనుకోవడం, అంటే బస్టాండు వైఫైలో ఉన్నట్టు జాగ్రత్తపడి ఎవరికీ కనపడకుండా దాక్కోవడం.

విండోస్ 11లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లి, వైరైతే ఈథర్‌నెట్, వైఫై అయితే ఆ వైఫై ప్రాపర్టీస్ తెరవండి. పబ్లిక్ నెట్‌వర్క్, ప్రైవేట్ నెట్‌వర్క్ అని రెండు ఉంటాయి. ప్రైవేట్ ఎంచుకోండి. తర్వాత అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్ తెరిచి, ప్రైవేట్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ రెండూ ఆన్ చేయండి. విండోస్ 10లో ఈ షేరింగ్ సెట్టింగ్‌లు కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ కింద ఉంటుంది. ప్రతి సిస్టమ్‌లోనూ చేయాలి, మెయిన్ సిస్టమ్‌లో ఒక్కదాన్లోనే చేస్తే సరిపోదు.

పబ్లిక్ కింద డిస్కవరీ ఆన్ చేసి వదిలేసేవాళ్లున్నారు. పని జరుగుతుంది. కానీ ఆ లాప్‌టాప్ రేపు హోటల్ వైఫైలో కూడా "నేనిక్కడున్నాను" అని అందరికీ చెబుతుంది.

మా దగ్గర రౌటరే లేదు. స్విచ్ ఒకటి, ఐపీలు చేత్తో ఇచ్చాం. ప్రైవేట్ అని మార్చినా నిలవడం లేదు.

నెట్ అక్కర్లేదని టాలీకి మాత్రమే లాన్ వేసుకున్న చోట్ల ఇది మామూలే. గేట్‌వే, అంటే బయటికి దారి చూపే రౌటర్, లేకపోతే విండోస్‌కు ఊరు గుర్తుపట్టడానికి ఆనవాలు దొరకదు. అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్ అని రాసుకుని పబ్లిక్ కింద పడేస్తుంది. ప్రో ఎడిషన్ అయితే లోకల్ సెక్యూరిటీ పాలసీలో నెట్‌వర్క్ లిస్ట్ మేనేజర్ పాలసీస్ కింద అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్స్‌ను ప్రైవేట్‌గా పెట్టొచ్చు. హోమ్ ఎడిషన్‌లో ఆ పేజీ ఉండదు. అక్కడ మూల పడేసిన పాత రౌటర్‌ను స్విచ్‌కు కలిపి, దాని ఐపీని గేట్‌వేగా ఇస్తే చాలు. దానికి నెట్ ఉండనక్కర్లేదు.

నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్ చేసి సేవ్ చేస్తే, మళ్లీ తెరిచేసరికి ఆఫ్ అయి ఉంటోంది.

దాని వెనక పనిచేసే సర్వీసులు నిద్రపోతున్నాయి. రన్ పెట్టెలో సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సీ కొట్టి ఈ నాలుగూ నడుస్తున్నాయో లేదో చూడండి: డీఎన్ఎస్ క్లయింట్, ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్, ఎస్ఎస్‌డీపీ డిస్కవరీ, యూపీఎన్‌పీ డివైస్ హోస్ట్. "సిస్టమ్ స్పీడు పెంచుతాం" అనే ఉచిత ప్రోగ్రాములు అనవసరమని ఆపేసేవాటిలో ఇవీ ఉంటాయి. స్పీడు ఎంత పెరిగిందో తెలియదుగానీ షేరింగ్ మాత్రం పోతుంది.

ఈ నాలుగింటిలో రెండోది ముఖ్యం. "ఫలానా పేరుతో నేనున్నాను" అని తక్కిన సిస్టమ్‌లకు చాటింపు వేసేది అదే. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ సిస్టమ్ మాయమవుతుంటే, దాని స్టార్టప్ టైప్‌ను ఆటోమేటిక్ డిలేడ్ స్టార్ట్‌కు మార్చండి. జాబితాలో ఎవరు కనిపించడం లేదో ఆ సిస్టమ్‌లో మార్చాలి, చూస్తున్నవాళ్ల సిస్టమ్‌లో కాదు. ఇక్కడ పొరపడి గంటలు పోగొట్టుకున్నవాళ్లను చూశాను, వాళ్లలో నేనూ ఉన్నాను.

విండోస్ 7 ఉన్నప్పుడు అన్నీ కనిపించేవి. విండోస్ 10 వేయించాకే ఈ గొడవ. ఏం మారింది?

జాబితా తయారయ్యే పద్ధతే మారిపోయింది. పాతరోజుల్లో కంప్యూటర్ బ్రౌజర్ అనే సర్వీసు ఉండేది. ఒక వర్క్‌గ్రూప్‌లోని సిస్టమ్‌లు తమలో తాము ఎన్నిక పెట్టుకుని ఒకదాన్ని పెద్దగా ఎంచుకునేవి. మిగతావి దానికి దాదాపు 12 నిమిషాలకోసారి హాజరు పలికేవి. ఆ పెద్ద దగ్గరున్న పట్టీయే మీకు కనిపించే జాబితా. అందుకే అప్పట్లో ఆపేసిన సిస్టమ్ కూడా చాలాసేపు జాబితాలో ఉండేది, కొత్తగా పెట్టింది చాలాసేపు వచ్చేది కాదు. "కాసేపు ఆగండి, వస్తుంది" అని టెక్నీషియన్లు చెప్పిన మాట వట్టి ఓదార్పు కాదు.

ఈ పద్ధతి, సిస్టమ్‌లు ఫైళ్లు పంచుకోవడానికి వాడే ఎస్ఎంబీ1 అనే పాత భాష మీద ఆధారపడింది. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ దాడి ప్రపంచమంతా పాకింది ఆ ఎస్ఎంబీ1లోని లోపం ద్వారానే. మైక్రోసాఫ్ట్ మార్చిలోనే సరిచేసే అప్‌డేట్ ఇచ్చినా వేసుకోని సిస్టమ్‌లు లక్షల్లో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ సిస్టమ్‌లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి ఎస్ఎంబీ1ను మామూలుగా ఇవ్వడం మానేశారు. అప్పట్లో హోమ్, ప్రో ఎడిషన్లలో దాని క్లయింట్ భాగం ఉన్నా, 15 రోజులు వాడకపోతే విండోస్ తనే తీసేసేది. "వేయించిన రెండు వారాలు బాగానే ఉంది సార్" అన్న ఫిర్యాదు నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు, ఇది తెలిశాక అర్థమైంది.

ఇప్పుడు జాబితా తయారయ్యేది డబ్ల్యూఎస్-డిస్కవరీ అనే వేరే పద్ధతిలో. పెద్దమనిషి లేడు, ఎన్నికలు లేవు, ఎవరి చాటింపు వారిదే. కాబట్టి పైన చెప్పిన సర్వీసు నిద్రపోతే ఆ సిస్టమ్ పేరు ఇంకెవరూ చెప్పరు.

మరి యూట్యూబ్‌లో ఎస్ఎంబీ1 ఆన్ చేయమంటున్నారు?

వద్దు. చేస్తే ఒక్కోసారి కనిపిస్తాయి కూడా, అందుకే ఆ వీడియోలు నడుస్తున్నాయి. ఎస్ఎంబీ1 నిజంగా అవసరమయ్యేది ఎక్స్‌పీ సిస్టమ్‌కో, బాగా పాత స్కానర్‌కో. ఒక రైస్ మిల్లులో కాటా గదిలోని సిస్టమ్ ఇంకా ఎక్స్‌పీ మీదే ఉంది, కాటా సాఫ్ట్‌వేర్ అందులో తప్ప నడవదు. దాని కోసం ఆఫీసులో ఏడు సిస్టమ్‌లకూ ఎస్ఎంబీ1 తెరవమన్నారు. నేను ఆ ఎక్స్‌పీని నెట్‌వర్క్ నుంచే తీసేసి, రోజుకోసారి పెన్‌డ్రైవ్‌లో తూకాల ఫైలు తెచ్చుకోమన్నాను. తెచ్చే అబ్బాయి కాస్త గొణిగాడు.

వర్క్‌గ్రూప్ పేరు ఒకటే ఉండాలా?

పాత పద్ధతిలో దాని విలువ ఎక్కువ. ఇప్పుడు పేరు వేరైనంత మాత్రాన దారి మూసుకుపోదు. ఒకటే పెట్టుకోండి, కానీ దాన్ని మార్చి ఊరట పడి కూర్చోకండి.

సిస్టమ్ పేరులో ఏమైనా పట్టింపులున్నాయా?

ఉన్నాయి. ఒకే పేరు రెండింటికి ఉంటే రెండూ కొట్టుకుంటాయి. పేరు 15 అక్షరాలు దాటితే పాత పద్ధతి పేరులో చివరిది తెగిపోతుంది, అంటే మొదటి 15 అక్షరాలూ ఒకటైన రెండు పొడుగు పేర్లు ఒకటే అయిపోతాయి. ఖాళీలు, చుక్కలు వద్దు. అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత చాలు. డెస్క్‌టాప్ అని మొదలై అర్థంలేని అక్షరాలతో ముగిసే పేరు విండోస్ పెట్టింది. దాన్ని బిల్లింగ్1, అకౌంట్స్ లాంటి పేరుకు మార్చుకుంటే ఫోన్లో చెప్పడానికైనా బాగుంటుంది.

ఐపీ కొడితే తెరుచుకుంటోంది, పేరు కొడితే రావడం లేదు.

దారి ఉంది, పేరును ఐపీగా మార్చే చోట ఆగింది. పైన చెప్పిన ప్రైవేట్ సెట్టింగ్, సర్వీసులు సరిచేస్తే చాలాసార్లు ఇదీ పోతుంది. అంతవరకు ఆగలేకపోతే ఐపీతోనే పని కానివ్వండి. అయితే ఐపీ మారకుండా చూసుకోవాలి. రౌటర్‌లో అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది, మెయిన్ సిస్టమ్‌కు ఎప్పుడూ అదే నంబరు ఇవ్వమని అక్కడ రాసేయండి. సిస్టమ్‌లోనే చేత్తో ఇవ్వొచ్చు, కానీ రౌటర్ పంచే వరుసలో లేని నంబరు ఎంచుకోండి. లేకపోతే ఏదో ఒక రోజు కస్టమర్ ఫోనుకు అదే నంబరు వెళ్లి రెండూ తగువు పడతాయి.

పింగ్ (అవతలి సిస్టమ్ పలుకుతుందో లేదో చూసే ఆదేశం) వెళ్లడం లేదు. అంటే వైరు పోయినట్టేనా?

కాకపోవచ్చు. ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆఫ్‌లో ఉంటే విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కు జవాబివ్వదు. సిస్టమ్ నిక్షేపంగా ఉన్నా లేనట్టే ఊరుకుంటుంది. పింగ్ వెళ్లి ఫోల్డర్ రాకపోవడం కూడా ఉంది. ఫోల్డర్లు నడిచేది టీసీపీ పోర్ట్ 445 మీద. పవర్‌షెల్‌లో టెస్ట్-నెట్‌కనెక్షన్ ఆదేశానికి ఐపీ, పోర్ట్ 445 ఇచ్చి చూడండి. చివరి వరుసలో ట్రూ అని వస్తే దారి తెరిచే ఉంది. ఫాల్స్ వస్తే మధ్యలో ఎవరో అడ్డుపడుతున్నారు, అది ఎక్కువగా యాంటీవైరస్‌తో వచ్చిన ఫైర్‌వాల్. విండోస్‌లో ప్రైవేట్ అని పెట్టినా, యాంటీవైరస్‌లో ఆ నెట్‌వర్క్‌ను నమ్మదగినదిగా విడిగా చెప్పాల్సి ఉంటుంది. ఫోల్డర్ తెరుచుకుంటూ జాబితాలో మాత్రం పేరు రాకపోతే, జాబితాకు కావలసిన యూడీపీ 3702, టీసీపీ 5357 పోర్టులను అదే ఫైర్‌వాల్ ఆపుతుండొచ్చు.

పరీక్ష కోసం రెండు నిమిషాలు ఫైర్‌వాల్ ఆపి చూడటంలో తప్పులేదు. ఆపి, పని అయిందని వదిలేయడమే తప్పు.

యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొడితే తీసుకోవడం లేదు.

తీసుకోదు. పిన్ ఆ ఒక్క సిస్టమ్ ముందు కూర్చున్నప్పుడే చెల్లుతుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. అడుగుతున్నది మీ సిస్టమ్ పాస్‌వర్డ్ కాదు, మెయిన్ సిస్టమ్‌లో ఉన్న ఖాతా పేరు, దాని పాస్‌వర్డ్. అక్కడ మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవుతుంటే ఆ ఈమెయిల్, దాని అసలు పాస్‌వర్డ్ ఇవ్వాలి. అసలు పాస్‌వర్డే పెట్టుకోలేదంటే ఇంకో చిక్కు: పాస్‌వర్డ్ లేని ఖాతాను విండోస్ నెట్‌వర్క్ మీద లోపలికి రానివ్వదు.

నేను ప్రతి ఆఫీసులో చేసేది ఒకటే. మెయిన్ సిస్టమ్‌లో షేరింగ్ కోసమని వేరే లోకల్ ఖాతా ఒకటి తెరుస్తాను, దానికి పాస్‌వర్డ్ పెడతాను, ఆ ఫోల్డర్ మీద మాత్రమే దానికి హక్కులిస్తాను. హక్కులు రెండు చోట్ల ఇవ్వాలి: షేరింగ్ ట్యాబ్‌లో, సెక్యూరిటీ ట్యాబ్‌లో. ఒకచోట ఇచ్చి ఒకచోట మరిస్తే ఫోల్డర్ కనిపిస్తుంది, తెరవబోతే పర్మిషన్ లేదంటుంది. మిగతా సిస్టమ్‌లలో ఒకసారి ఆ పేరు, పాస్‌వర్డ్ కొట్టి గుర్తుంచుకోమని టిక్ పెడితే మళ్లీ అడగదు. తర్వాత ఎప్పుడైనా పాస్‌వర్డ్ మారిస్తే క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాతది తీసేయాలి. లేకపోతే విండోస్ అడగకుండా పాతదే ఇస్తూ తిరస్కారాలు తింటుంది.

విండోస్ 11 అప్‌డేట్ అయ్యాక "మీ సంస్థ సెక్యూరిటీ పాలసీ గెస్ట్ యాక్సెస్‌ను అడ్డుకుంటోంది" అని వస్తోంది. మాకు అలాంటి పాలసీలేవీ లేవు.

సంస్థ అంటే మీరు కాదు, విండోసే. 2024 అక్టోబరులో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రో ఎడిషన్‌లో కూడా పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వెళ్లే దారి మూసేశారు. అదే వెర్షన్‌లో ప్రో నుంచి పైకి ఎస్ఎంబీ సైనింగ్ (పంపే ప్రతి సందేశానికీ సంతకం) కూడా తప్పనిసరి చేశారు. ఏళ్ల క్రితం ఎవరో "పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేస్తే గొడవ ఉండదు" అని చేసి వెళ్లిన ఆఫీసులన్నీ ఇక్కడ తగులుకున్నాయి. రౌటర్ వెనక యూఎస్‌బీ డిస్క్ పెట్టి అందరూ వాడుకునే చోట్ల కూడా ఇదే. డిస్కుకో, న్యాస్‌కో (నెట్‌వర్క్‌కు నేరుగా కలిపే డిస్కు పెట్టె) యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టండి, దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. మెయిన్ సిస్టమ్ విండోస్‌దే అయితే పై ప్రశ్నలో చెప్పిన విడి ఖాతా దీనికీ మందే.

పాస్‌వర్డ్ నూటికి నూరు పాళ్లు సరైనదే. అయినా ఒప్పుకోవడం లేదు. రెండూ ఒకే షాపులో, ఒకే రోజు కొన్న అసెంబుల్డ్ సిస్టమ్‌లు.

ఒకే షాపు అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఒక సిస్టమ్‌లో విండోస్ వేసి, దాని ఇమేజ్ (మొత్తం నకలు) తీసి, మిగతావాటిలో యథాతథంగా దించడం షాపుల్లో మామూలు. అలా చేస్తే అన్నింటికీ ఒకటే ఎస్ఐడీ, అంటే ఒకటే లోపలి గుర్తింపు సంఖ్య వస్తుంది. ఇంతకాలం విండోస్ చూసీ చూడనట్టు పోయింది. 2025 ఆగస్టు 29న, ఆ తర్వాత వచ్చిన అప్‌డేట్‌లతో విండోస్ 11 24హెచ్2, 25హెచ్2 వెర్షన్లు దీన్ని గట్టిగా పట్టుకుంటున్నాయి. రెండు సిస్టమ్‌ల ఎస్ఐడీ ఒకటే అయితే వాటి మధ్య లాగిన్ చెల్లదు.

కమాండ్ ప్రాంప్ట్‌లో హూఆమ్ఐ (హూ, ఆమ్, ఐ అనే మూడు ఇంగ్లిష్ మాటలు కలిపి) అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ యూజర్ కొట్టండి. అడ్డగీతలతో గుంపులుగా ఉన్న పొడుగాటి అంకె వస్తుంది. చివరి గుంపు వదిలేసి, ముందున్నదంతా రెండు సిస్టమ్‌లలోనూ ఒకటే అయితే దొంగ దొరికినట్టే. దీనికి సెట్టింగ్ మార్చి తప్పించుకునే మార్గం వెతక్కండి, ఒకదాన్లో విండోస్ శుభ్రంగా మళ్లీ వేయించండి. ఇమేజ్ వాడక తప్పదంటే సిస్‌ప్రెప్ చేసి (పాత గుర్తింపు చెరిపి) తీసిన ఇమేజ్ వేయమని షాపులో అడగండి.

ఉదయం ఉంటుంది, మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి పోతుంది.

మెయిన్ సిస్టమ్ కూడా కునుకు తీస్తోంది. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్ చేయండి. స్క్రీన్ ఆగిపోయినా పర్వాలేదు.

ఇరవైమందిమి అయ్యాం. చివర వచ్చినవాళ్లకు మెయిన్ సిస్టమ్ తెరుచుకోదు.

విండోస్ 10, 11 లాంటి మామూలు ఎడిషన్లలో ఒకేసారి 20 కనెక్షన్ల వరకే అనుమతి. ఇది జబ్బు కాదు, లైసెన్సు హద్దు. ఆ స్థాయికి వచ్చారంటే న్యాస్‌కో, విండోస్ సర్వర్‌కో డబ్బు పక్కన పెట్టే సమయం వచ్చింది.

ఫోల్డర్లు బాగానే ఉన్నాయి, షేర్ చేసిన ప్రింటరే రావడం లేదు. చివర 11బీ అని ఎర్రర్.

2021లో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపం బయటపడ్డాక మైక్రోసాఫ్ట్ ప్రింటర్ షేరింగ్‌ను బిగించింది. ఆ సెప్టెంబరు అప్‌డేట్‌ల నుంచే ఈ ఎర్రర్ ఊరూరా మొదలైంది. ముందు రెండు సిస్టమ్‌లనూ పూర్తిగా అప్‌డేట్ చేయండి. రిజిస్ట్రీలో ఒక అంకె మార్చి ఆ బిగింపు తీసేయడం చాలామంది చేస్తున్నారు, నాకు ఇష్టం లేదు. ప్రింటర్‌కే లాన్ పోర్టో వైఫైయో ఉంటే దానికొక ఐపీ ఇచ్చి ప్రతి సిస్టమ్‌లోనూ నేరుగా పెట్టుకోండి. అప్పుడు ఆ బల్ల దగ్గర మనిషి సెలవు పెట్టినా ప్రింటు వస్తుంది.

జాబితాలో పేరు రాకుండానే రోజూ పని చేసుకోవచ్చా?

నేను చాలా ఆఫీసుల్లో అలాగే పెట్టి వస్తాను. ఫోల్డర్‌ను మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ చేసి జెడ్ అని అక్షరం ఇచ్చి, సైన్ ఇన్ అయినప్పుడు మళ్లీ కలపమని టిక్ పెట్టండి. దిస్ పీసీలో డీ డ్రైవ్ పక్కనే కూర్చుంటుంది. నెట్‌వర్క్ గుర్తు మీద నొక్కే పనే ఉండదు. ఉదయం దాని మీద ఎర్ర గుర్తు కనిపిస్తే కంగారు పడకండి, మెయిన్ సిస్టమ్ కంటే మీది ముందు లేచింది. డబుల్ క్లిక్ చేస్తే పోతుంది.

అన్నీ అయ్యాయి. నెట్‌వర్క్ రీసెట్ నొక్కేయమంటారా?

నొక్కొచ్చు, కానీ ఆఖరున. దానికి ముందు ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టి వచ్చినదంతా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రీసెట్ చేస్తే చేత్తో ఇచ్చిన ఐపీ, వైఫై పాస్‌వర్డులు, వీపీఎన్ అన్నీ పోతాయి. నెట్‌వర్క్ మళ్లీ పబ్లిక్ అయి ఉంటుంది, కాబట్టి పైన ప్రైవేట్ అన్న ప్రశ్న దగ్గరికే తిరిగి రావాలి. బ్యాంకు వాళ్లో, ప్రభుత్వ పోర్టల్ వాళ్లో ఇచ్చిన వీపీఎన్ ఉన్న సిస్టమ్ అయితే వాళ్లను అడగకుండా నొక్కకండి. అది మళ్లీ పెట్టించుకోవడానికి ఎన్ని ఫోన్లు చేయాలో ఒక శనివారం సాయంత్రం నాకు తెలిసొచ్చింది.